పట్టీ లేని సిగార్: రుచి పరీక్ష, మూల్యాంకనం

సిగార్‌కు చుట్టిన రంగు కాగితపు పట్టీ తీసేస్తే, అది ఏ దేశపు ఆకో, ఎవరు చుట్టించారో, ఎంత ధర పలుకుతుందో చెప్పే ఆధారం దాదాపుగా పోతుంది. అలా పేరూ ఊరూ తెలియని సిగార్‌ను కంటితో, వేళ్లతో, ముక్కుతో, నాలుకతో పరీక్షించి దాని గుణదోషాలను నమోదు చేసే పద్ధతి ఈ వ్యాస విషయం. ఇందులో రెండు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. సిగార్ ఎలా చుట్టారు, ఎలా కాలుతోంది, ఏ రుచి ఇస్తోంది అని తేల్చడం మూల్యాంకనం. అది ఎక్కడిది, ఏ పేరుతో అమ్ముతున్నారు అని చెప్పడం గుర్తింపు. మూల్యాంకనం సాధనతో పట్టుబడుతుంది. గుర్తింపులో ఎంతో అనుభవం ఉన్నవారు కూడా తరచూ పొరబడతారు. ఈ రెండింటినీ కలిపేసి, మూలం చెప్పగలగడమే రుచి తెలియడమని అనుకోవడం వల్ల చాలా అపోహలు పుట్టాయి.

పదాలు, పరిధి

తెలుగులో పొగాకును చుట్టి చేసిన దేన్నయినా చుట్ట అనే అంటాం. వ్యాపారంలో మాత్రం తేడా ఉంది. సిగార్‌కు నోట పెట్టుకునే కొస మూసి, చిన్న ఆకు ముక్కతో టోపీ అతికిస్తారు. కాల్చేముందు దాన్ని కోయాలి. చెరూట్‌కు రెండు కొసలూ తెరిచే ఉంటాయి. చెరూట్ అన్న ఇంగ్లీషు మాట తమిళ 'సురుట్టు' నుంచి వెళ్లింది. మన లంక చుట్ట ఈ రెండో కోవకు చెందుతుంది (చూ. లంక చుట్ట).

ఇక్కడ ప్రధానంగా చెప్పేది చేత్తో చుట్టిన, నిడుపాటి ఆకులతో నింపిన సిగార్ గురించి. యంత్రంతో, తురుము పొగాకుతో చేసే చవక రకాలకు ఇంత వివరమైన పరీక్ష అక్కరలేదు.

చరిత్ర

1492లో కొలంబస్‌తో క్యూబా చేరిన రోద్రిగో దె హెరెస్, లూయిస్ దె తోర్రెస్ అక్కడివాళ్లు ఆకులు చుట్టి పొగ పీల్చడం చూశారు. ఆ తర్వాత స్పెయిన్ ఈ వ్యాపారాన్ని చాలాకాలం తన గుత్తాధిపత్యంలో ఉంచుకుంది. 1817లో ఏడో ఫెర్డినాండ్ శాసనంతో క్యూబా పొగాకు వ్యాపారానికి స్వేచ్ఛ దొరికింది. హవానాలో ఫ్యాక్టరీలు పెరిగాయి, వాటితో పాటే పేరు దొంగతనాలూ పెరిగాయి. సిగార్‌కు పట్టీ చుట్టే అలవాటును 19వ శతాబ్దంలో హవానా వ్యాపారి గుస్తావ్ బాక్ మొదలుపెట్టాడని సాధారణంగా చెబుతారు. 1889 నుంచి క్యూబా పెట్టెలపై ప్రభుత్వ హామీ ముద్ర వాడుకలోకి వచ్చింది. అంటే పట్టీ, ముద్ర రెండూ 'ఇది ఎవరి సరుకు' అన్న ప్రశ్నకు జవాబుగా పుట్టినవే.

1962లో అమెరికా క్యూబాపై వాణిజ్య నిషేధం విధించాక ఆ ప్రశ్న మరింత చిక్కుపడింది. క్యూబా విప్లవం తర్వాత దేశం వదిలిన సాగుదారులు, వ్యాపారులు తమ నైపుణ్యాన్ని డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్, నికరాగ్వా వంటి దేశాలకు తీసుకెళ్లారు. మోంతెక్రిస్తో, పార్తగాస్, రోమియో ఇ హులియెత వంటి పేర్లతో క్యూబాలో ఒక సరుకు, అమెరికా మార్కెట్టు కోసం వేరే దేశంలో మరో సరుకు తయారవుతున్నాయి. పేరు ఒకటే, ఆకు వేరు. 1992లో అమెరికాలో మొదలైన 'సిగార్ అఫిషనాడో' పత్రిక అసలు పట్టీలు తీసి అంకెలున్న తెల్ల పట్టీలు తొడిగి, 100 మార్కుల కొలతతో రుచి చూసే పద్ధతిని పాఠకులకు బాగా పరిచయం చేసింది.

ఫ్యాక్టరీ లోపల ఈ పని అంతకంటే పాతది. క్యూబా ఫ్యాక్టరీల్లో 'కాటదోర్' అనే రుచి పరీక్షకులు కొత్తగా చుట్టిన సరుకు నుంచి తీసిన నమూనాలు కాలుస్తారు. పూర్తిగా కాల్చరు, కొంత కాలగానే పక్కన పెడతారు. మధ్యమధ్య చక్కెర లేని టీ గుక్కతో నోరు కడుక్కుంటారు. వాళ్ల ముందున్న ప్రశ్న 'ఇది ఏది' కాదు. ఈ సిగార్ ఏ పేరుతో బయటికి వెళ్లాలో ఆ పేరుకు తగ్గట్టు ఉందా అన్నదే వాళ్లు చూస్తారు.

నిర్మాణం

సిగార్‌లో మూడు పొరలుంటాయి. లోపలి నింపుడు ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, కంటికి కనిపించే పై ఆకు. నింపుడు ఆకును మొక్కపై అది ఎక్కడ పెరిగిందన్న దాన్ని బట్టి విడదీస్తారు. అడుగు ఆకులు 'వొలాడో', బాగా అంటుకుంటాయి, రుచి తక్కువ. నడిమి ఆకులు 'సెకో', వాసనకు ఆధారం. పై ఆకులు 'లిహెరో', ఎండ బాగా తగలడం వల్ల మందంగా, జిడ్డుగా, ఘాటుగా ఉంటాయి. లిహెరో నెమ్మదిగా కాలుతుంది కనుక చుట్టేవారు దాన్ని సరిగ్గా మధ్యలో పెడతారు. అది పక్కకు జరిగితే సిగార్ ఒక వైపే కాలుతుంది.

ఆరిన ఆకును గుట్టలుగా పేర్చి పులియబెడతారు. గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాల పొగాకు రైతులు 'మండె కట్టడం' అనే పనికి ఇది దగ్గరి చుట్టం. లోపల వేడి పెరిగినప్పుడు గుట్టను విప్పి, అడుగు ఆకు పైకి, పై ఆకు అడుగుకు వచ్చేలా తిరగవేస్తారు. ఈ దశలో అమ్మోనియా బయటికి పోతుంది. సరిగా పులియని ఆకును కాలిస్తే అదే అమ్మోనియా ముక్కు పుటాల్లో కుడుతుంది. పట్టీ ఉన్నా లేకపోయినా దాచలేని లోపాల్లో ఇదొకటి.

పరీక్షకు ముందు

పరీక్షించేవారు కాక వేరొకరు పట్టీలు తీసి, ఒక్కోదానికి ఒక అంకె ఇవ్వాలి. ఏ అంకె ఏ సిగారో రాసిన కాగితం పరీక్ష ముగిసేదాకా మూసి ఉండాలి. ఒకే కొలతవి ఒక వరుసలో పెట్టడం మంచిది, ఎందుకంటే లావు, పొడవు మారితే అదే ఆకు వేరే రుచినిస్తుంది. చేత్తో చుట్టిన సరుకులో ఒకదానికొకటి తేడా తప్పదు. ఒక్క సిగార్ కాల్చి ఆ రకం మొత్తంపై తీర్పు చెప్పడం న్యాయం కాదు. కనీసం రెండు మూడు, వేర్వేరు రోజుల్లో కాల్చాలి.

ప్రయాణం చేసి వచ్చిన సిగార్‌ను 65 నుంచి 70 శాతం గాలి తేమలో కొన్ని రోజులు ఆరామంగా ఉంచుతారు. తేమ ఎక్కువైతే దమ్ము బిగుసుకుంటుంది, చేదెక్కుతుంది. తక్కువైతే వేడిగా, త్వరగా కాలి కారం మాత్రమే మిగులుతుంది. మన పొగాకు ఊళ్లలో ఆకు 'పదునులో ఉంది' అంటే ఏమిటో తెలిసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

చూపు, స్పర్శ

కొలత ముందు. లావును అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు. 50 గేజ్ అంటే అంగుళంలో 64కు 50 వంతులు, దాదాపు 19.8 మిల్లీమీటర్లు. 'రొబుస్తో' సుమారు 5 అంగుళాలు, 50 గేజ్. 'చర్చిల్' 7 అంగుళాలు, 47 గేజ్. 'లాన్సెరో' ఏడున్నర అంగుళాలు, 38 గేజ్.

తర్వాత పై ఆకు. లేత గోధుమ రంగు 'క్లారో' నుంచి ఎరుపు కలిసిన 'కొలొరాదో', ముదురు గోధుమ 'మదూరో', దాదాపు నల్లని 'ఒస్కూరో' దాకా రంగులుంటాయి. ఈనెలు సన్నగా ఉన్నాయా, నూనె మెరుపు ఉందా, అతుకులు కనిపిస్తున్నాయా అని చూస్తారు. కామెరూన్ ఆకుపై వేలు పోనిస్తే సన్నని ఇసుకలా బుడిపెలు తగులుతాయి. కనెటికట్ నీడ ఆకు పలుచగా, పట్టులా ఉంటుంది. సన్నని గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే పొగాకు పురుగు తొలిచిందని అర్థం, ఆ సిగార్‌ను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి.

బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టి తల నుంచి పాదం దాకా మెల్లగా నొక్కుతూ పోతే మెత్తని చోట్లు, గట్టి ముడులు తెలుస్తాయి. మెత్తని చోట ఆకు తక్కువై పొగ వేడెక్కుతుంది. ముడి ఉన్నచోట దమ్ము అడ్డుపడుతుంది. ఇక పాదం, అంటే వెలిగించే కొస. దీన్ని వెలుతురుకు పట్టి చూడటం చాలామంది వదిలేస్తారు, కానీ చెప్పగలిగినంత అదే చెబుతుంది. ఆకులు విసనకర్ర మడతల్లా ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో సన్నని గాలి దారులతో కనిపిస్తే చుట్టినవాడి చేయి మంచిది. పుస్తకం పేజీల్లా ఒకే వైపు పరిచి చుట్టేస్తే ఘాటు ఆకు ఒక పక్కకు చేరే ప్రమాదం ఉంది. నల్లగా, మందంగా ఉన్న ఆకు నడిమధ్యన చుక్కలా కనిపిస్తే లిహెరో తన చోటులోనే ఉందన్నమాట.

కోత, చల్లని దమ్ము, వెలిగింపు

టోపీ భుజం దాటకుండా పైపైన మాత్రమే కోయాలి, లోతుగా కోస్తే పై ఆకు విడిపోతుంది. వెలిగించకముందే ఒకటి రెండు సార్లు గాలి లాగి చూడటాన్ని చల్లని దమ్ము అంటారు. ఎండుగడ్డి, ఎండుద్రాక్ష, దేవదారు చెక్క, పశువుల కొట్టం వంటి వాసనలు ఇక్కడ తేటగా తెలుస్తాయి. దమ్ము అసలు రాకపోతే ముందే రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత కనిపించే చాలా లోపాలకు మూలం అదే.

మంటను పాదానికి తాకించకుండా కొద్ది దూరంలో పట్టి, తిప్పుతూ అంచంతా సమంగా కాలనిస్తారు. పెట్రోలు వాసన వచ్చే లైటర్లు, మైనపు అగ్గిపుల్లలు పనికిరావు.

కాలుతుండగా: మూడు భాగాలు

రొబుస్తో కొలత సిగార్ ముప్పావు గంట నుంచి గంట దాకా కాలుతుంది. నిమిషానికి ఒక దమ్ము చొప్పున లాగితే వేడి అదుపులో ఉంటుంది. పరీక్షకులు దీన్ని మూడు భాగాలుగా చూసి విడివిడిగా రాసుకుంటారు. తొలి భాగంలో పై ఆకు ప్రభావం, మిరియపు చురుకు ముందు తెలుస్తాయి. నడిమి భాగంలో మిశ్రమం కుదుటపడుతుంది, సిగార్ తన అసలు గుణం చూపేది ఇక్కడే. చివరి భాగంలో తారు, నికోటిన్ పేరుకుని చేదు, వేడి పెరుగుతాయి. చివరి భాగంలో కూడా రుచి నిలిస్తే అది మేలైన పనితనానికి గుర్తు.

మూడు మాటలను కలగాపులగం చేయకూడదు. ఘాటు అంటే నికోటిన్ బలం, తల తిరగడంగా, కడుపులో వికారంగా ఒంటికి తెలిసేది. నిండుదనం అంటే పొగ నోట్లో ఎంత చిక్కగా, బరువుగా అనిపిస్తుందన్నది. రుచి అంటే కాఫీ, కోకో, తోలు, వేయించిన వేరుశనగ, మట్టి, మిరియం వంటి పోలికలు. ఘాటు తక్కువై నిండుగా ఉన్న సిగార్‌లున్నాయి, ఘాటు తప్ప మరేమీ లేనివీ ఉన్నాయి.

మచ్చుకు ఒక నమోదు ఇలా ఉండొచ్చు: 'అంకె 7. పొడవు 124 మి.మీ., 50 గేజ్. పై ఆకు కొలొరాదో, సన్నని ఈనెలు, ఒక చోట మెత్తన. చల్లని దమ్ములో ఎండుగడ్డి, కొంచెం తీపి. తొలి భాగం మిరియం, ముక్కులోంచి వదిలితే కళ్లు చెమర్చేంత. నడిమి భాగం దేవదారు, పాలు తక్కువ కాఫీ. ఒక వైపు కాలుడు, ఒకసారి సరిదిద్దాను. చివర వగరు, 30 మి.మీ. దగ్గర ఆపాను.' ఇందులో ఎక్కడా దేశం పేరు లేదు. మంచి నమోదు అలాగే ఉండాలి.

కాలుడు, నుసి

కాలే అంచు సన్నగా, సమంగా, గుండ్రంగా ఉండాలి. ఒక పక్క ముందుకు పోతే పడవలా గాడి పడుతుంది. లోపల కాలి పై ఆకు మిగిలితే సొరంగం పడినట్టు. గట్టిగా నిలిచే నుసి నిడుపాటి ఆకుకు గుర్తు, తురుము నింపితే నుసి పొడిపొడిగా రాలుతుంది. నేలలో, నీటిలో క్లోరైడ్ ఎక్కువైతే ఆకు సరిగా మండదు. నుసి తెలుపు నాణ్యతకు కొలమానమని ఒక నమ్మకం బలంగా ఉంది. నిజానికి ఆ రంగు నేలలోని మెగ్నీషియం, కాల్షియం వంటి ఖనిజాలను బట్టి మారుతుంది, రుచి గురించి అది చెప్పేది తక్కువ.

నుసిని చూసి పొగాకును గుర్తుపట్టడం సాహిత్యంలో ప్రసిద్ధం. ఆర్థర్ కోనన్ డాయల్ 1887లో ప్రచురించిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో షెర్లాక్ హోమ్స్ హత్య జరిగిన గదిలోని ముదురు రంగు నుసిని బట్టి అది తిరుచిరాపల్లి చుట్టదని తేలుస్తాడు. 140 రకాల పొగాకు నుసులపై అతను గ్రంథం రాసినట్టు ఇతర కథల్లో వస్తుంది. వాస్తవంలో కంటిచూపుతో అంత కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు.

రుచి తెలిసే తీరు

నాలుకకు తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి మాత్రమే తెలుస్తాయి. కాఫీ, దేవదారు అని మనం చెప్పేదంతా వాసన పనే. పొగను నోట్లోనే ఉంచుకుని, ఊపిరితిత్తుల్లోకి తీసుకోకుండా, కొద్దిగా ముక్కు గుండా వదిలితే అంగుడి వెనక దారిన వాసన కణాలు ముక్కు పై భాగానికి చేరతాయి. అనుభవజ్ఞులు ప్రతి దమ్ముకూ ఇలా చేయరు, భాగానికి రెండు మూడు సార్లు చాలు.

కన్ను నాలుకను మోసం చేయగలదు. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పరిశోధకులు తెల్ల వైన్‌కు రుచి లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ తయారీ చదివే విద్యార్థులు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. సిగార్ విషయంలోనూ నల్లని మదూరో చూడగానే 'ఘాటు' అని రాసేస్తారు. పై ఆకు నలుపు ఎక్కువగా పులియబెట్టిన తీరు నుంచి వస్తుంది, తరచూ దాని రుచి తీపి వైపు మొగ్గుతుంది. పట్టీ తీయడం సగం పనే, రంగు గురించిన ముందస్తు నమ్మకాన్ని కూడా తీయాలి.

మార్కులు

ఎక్కువ పద్ధతులు రూపం, కాలే తీరు, రుచి, మొత్తం మీద అభిప్రాయం అనే నాలుగు శీర్షికల కింద మార్కులు వేసి 100కు కూడతాయి. 90 దాటిన సంఖ్యకు మార్కెట్లో ప్రత్యేక విలువ ఉంది. ఒక్క మార్కు తేడాతో రెండు సిగార్‌ల అంతరం చెప్పవచ్చని నమ్మడం అతి. అదే సిగార్‌ను అదే వ్యక్తి మరో రోజు కాల్చితే అంతకంటే ఎక్కువ తేడా రావచ్చు. వర్ణన మార్కు కంటే ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది.

మూలాన్ని గుర్తించడం, నకిలీలు

కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. నికరాగ్వాలోని ఎస్తెలి ఆకుకు మిరియపు చురుకు, మెక్సికో సాన్ ఆంద్రెస్ ఆకుకు మట్టి, కోకో, కనెటికట్ నీడ ఆకుకు మెత్తని వేరుశనగ రుచి సాధారణం. ఈక్వడార్‌లో మబ్బుల కింద పండే ఆకు కనెటికట్‌ను పోలి ఉంటుంది, ఇక్కడే చాలామంది తడబడతారు. తలపై మూడు అతుకు గీతలున్న టోపీని క్యూబా గుర్తు అంటారు, కానీ ఇప్పుడు నికరాగ్వా, డొమినికన్ చుట్టేవాళ్లు కూడా అలాగే అతికిస్తున్నారు. నేటి సిగార్‌లో మూడు నాలుగు దేశాల ఆకు కలవడం మామూలే. అలాంటప్పుడు 'ఏ దేశం' అన్న ప్రశ్నకే ఒక్క జవాబు ఉండదు.

నకిలీని పట్టడానికి రుచి కంటే పెట్టె మేలు. క్యూబాలో పర్యాటకులకు కొహీబా అనే బ్రాండు పేరుతో అమ్మజూపే గాజు మూత పెట్టెలు నకిలీవి. అసలు పెట్టెల అడుగున ఫ్యాక్టరీ సంకేతం, నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. విడిగా, పట్టీ లేకుండా చేతికొచ్చిన ఒక్క సిగార్‌ను అసలుదో కాదో రుచితో తేల్చడం నమ్మదగిన పద్ధతి కాదు.

లంక చుట్ట

ఇంగ్లీషువారి రాజ్యంలో తెలుగు నేల చుట్టకూ పేరుంది. యూల్, బర్నెల్ కూర్చి 1886లో అచ్చువేసిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో 'లుంకా' అనే మాట ఉంది. గోదావరి డెల్టా లంకల్లో పండిన పొగాకుతో చేసి, మద్రాసు రాజధానిలో మెచ్చుకునే ఘాటు చెరూట్ అని దాని వివరణ. 1890 నాటి 'ద సైన్ ఆఫ్ ఫోర్'లో హోమ్స్, నేరస్థుడు భారతీయ లుంకా కాల్చాడని తెలిస్తే వెతికే పరిధి చిన్నదవుతుందని వివరిస్తాడు. ఆ లుంకా మన లంకే.

వరద తెచ్చే ఒండ్రు మీద పండే ఈ ఆకు మందంగా, బరువుగా, బాగా ఘాటుగా ఉంటుంది. రెండు కొసలూ తెరిచి ఉండటం వల్ల కోత, చల్లని దమ్ము అనే దశలు వేరుగా ఉండవు. దీన్ని కాల్చేవారు పట్టీ చూసి కొన్నవారు కాదు. ఆకును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, జిడ్డు చూసి, ఎవరి పొలందో అడిగి కొనేవారు. పొగాకు పరిశోధనకు 1947లో రాజమండ్రిలో కేంద్ర సంస్థ ఏర్పడింది. తమిళనాడులోని వేదసందూరు కేంద్రం సిగార్, చెరూట్ ఆకుపై పనిచేసింది.

ఆరోగ్యం

రుచి పరీక్ష అన్నంత మాత్రాన పొగాకు హాని తగ్గదు. సిగరెట్‌లో ఒక గ్రాము లోపు పొగాకు ఉంటే పెద్ద సిగార్‌లో 5 నుంచి 17 గ్రాములు ఉండవచ్చు. సిగార్ పొగ క్షార గుణం కలది కనుక పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలో కలుస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, స్వరపేటిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు సిగార్ కారణమవుతుంది. వరుసగా కాలిస్తే చెమట, వణుకు, వాంతి రావచ్చు. నాలుక, ముక్కు కూడా మొద్దుబారతాయి, కాబట్టి ఎక్కువ కాల్చినవాడి తీర్పుకు విలువ తగ్గుతుంది.

ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల్లో మధ్యవయసు దాటిన స్త్రీలకు అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట వెలిగిన కొసను నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. నిప్పు వేడి, పొగ నేరుగా అంగుడికి తగులుతాయి. అక్కడ తెల్లని మచ్చలు, చిన్న ఎర్రని చుక్కలు ముందు కనిపిస్తాయి. మిగతా ప్రాంతాల్లో అరుదైన గట్టి అంగుడి క్యాన్సర్ ఈ పల్లెల్లో ఎక్కువగా కనిపించడం వల్లే వైద్య పరిశోధకులు అడ్డపొగను ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. మచ్చ నొప్పి పెట్టదు, కాబట్టి చాలామంది డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వస్తారు. అద్దం ముందు నోరు తెరిచి, తల వెనక్కి వంచి, టార్చి వెలుగులో అంగుడిని చూసుకుంటే ఆ మచ్చ కనిపిస్తుంది.